ఈ20 పెట్రోలుతో రెండేళ్లు: మా పాత కారు లెక్కల పుస్తకం చెప్పిన సంగతులు

మా కారు డాష్‌బోర్డు అరలో ఒక నోటు పుస్తకం ఉంటుంది. 2018లో బండి కొన్న వారం నుంచి ట్యాంకు నింపినప్పుడల్లా తేదీ, మీటర్ రీడింగు, లీటర్లు అందులో రాస్తున్నాను. ఇంటి ఖర్చులకు లేని లెక్క కారుకెందుకని మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పాత బండ్లను పాడుచేస్తుందన్న గొడవ మొదలయ్యాక మాత్రం అపార్ట్‌మెంట్‌లో నలుగురైదుగురు ఆ పుస్తకం కోసమే మా ఇంటి బెల్లు కొట్టారు.

బండి 1.2 లీటర్ల హ్యాచ్‌బ్యాక్, బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణాలది). పెట్రోలు మూత దగ్గర ఈ20కి పనికొస్తుందని చెప్పే స్టిక్కర్ లేదు. వారంలో మూడు రోజులు బెంగళూరు మహదేవపురలో ఆఫీసుకు, నెలకోసారి అనంతపురానికి, అంతే దాని పని. ఈ20ని ప్రధాని ప్రారంభించింది మన బెంగళూరులోనే, 2023 ఫిబ్రవరి 6న. అప్పట్లో దేశమంతా కలిపి 84 బంకులు. మా బంకుకు ఎప్పుడొచ్చిందో ఎవరూ చెప్పలేదు. 2024 వేసవిలో మైలేజీ పడిపోతుంటే నాకే అనుమానమొచ్చింది.

మావాడి స్కూలు ప్రాజెక్టు కోసం కొన్న గీతల జాడీ పట్టుకుని మేడ మీదికెళ్లాను. 20 మిల్లీలీటర్ల నీళ్లు, వాటి మీద 80 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూత బిగించి, ఊపి పక్కన పెట్టాను. కాసేపటికి రెండు పొరలుగా విడిపోయాయి. నీళ్ల పొర 20 గీత దగ్గర ఆగాలి కదా, 35 దగ్గర నిలబడింది. పెట్రోల్లో ఉన్న ఇథనాల్ నీళ్లతో కలిసి కిందికి దిగిపోయింది. "నాన్నా, నీళ్లు పెరిగాయి!" అంటాడు మావాడు. (ఇంట్లో, స్టవ్వు దగ్గర మాత్రం ఈ ప్రయోగం చేయకండి.)

ఇక మైలేజీ. 2019 నుంచి 2021 వరకు ఊళ్లో 13.5, హైవే మీద 18.5 వచ్చేది. ఇప్పుడు ఊళ్లో 12.6, హైవేలో 17.4. ఊళ్లో లెక్కను నేను పెద్దగా నమ్మను, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఏ బండికైనా మైలేజీ ఏముంటుంది! హైవే లెక్క నమ్మొచ్చు: అదే దారి, దాదాపు అదే వేగం. లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది కాబట్టి తగ్గడంలో వింతేమీ లేదు. పాత కార్లలో 6-7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. అయితే మొత్తం నింద ఇథనాల్ మీదే వేయను. 2019లోనూ పెట్రోల్లో ఎంతో కొంత కలిసేది, పైగా బండికీ వయసు మీద పడింది. ఏదైతేనేం, నా తిరుగుడుకు నెలకు నాలుగున్నర లీటర్లు ఎక్కువ తాగుతోంది. అంటే 460 రూపాయల పైమాటే.

మంచి కూడా చెప్పాలి. నలుగురం ఎక్కి, ఏసీ వేసుకుని నంది హిల్స్ ఎక్కితే పైమలుపుల్లో ఇంజిన్ కటకటమని కొట్టుకునేది. ఆ నాకింగ్ ఇప్పుడు దాదాపు లేదు. ఇథనాల్‌తో ఆక్టేన్ (నాకింగ్‌ను ఆపే గుణం) పెరగడం వల్లే అది. పికప్ తగ్గిందని కొందరంటారు, నాకైతే తేడా తెలియలేదు. "ఇంజిన్ కరిగిపోతుంది" అని వాట్సాప్‌లో తిరిగేవి చూసి మాత్రం టెన్షన్ పడనక్కర్లేదు.

నాకు దెబ్బ తగిలింది ఇంకో చోట. నిరుడు వానాకాలంలో మూడు వారాలు ఊరెళ్లాం, బండి బేస్‌మెంట్‌లో పావు ట్యాంకుతో ఉండిపోయింది. తిరిగొచ్చాక సెల్ఫ్ నాలుగుసార్లు కొడితే గానీ స్టార్ట్ కాలేదు. తర్వాత రెండు రోజులు లోపల పెట్రోలు వాసన. హూడి దగ్గర షెడ్డు పెట్టుకున్న మదనపల్లె మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంధనం వెళ్లే రబ్బరు గొట్టం పీకి నా చేతిలో పెట్టాడు. కొసన రబ్బరు గట్టిపడి, వేలితో వంచితే సన్నటి పగుళ్లు తెరుచుకుంటున్నాయి. "ఏడేళ్ల రబ్బరు అన్నా, ఎట్లాగూ పోయేదే. ఈ పెట్రోలుకు తొందరగా పోయింది. నిలబెట్టిన బండ్లకే ఈ రోగం ఎక్కువ" అన్నాడు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నీళ్లు మరీ ఎక్కువైతే నా జాడీలోలాగే విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. పంపు లాగేది ఆ అడుగు నుంచే. అందుకే ఇప్పుడు సగం ట్యాంకుకు తగ్గనివ్వను, వారానికోసారైనా ఇరవై కిలోమీటర్లు తిప్పుతాను. గొట్టం, ఫిల్టర్, మజూరీ కలిపి 2,300 అయింది.

మా బామ్మర్దిది 2024 బండి, ఈ20 కోసమే తయారైంది. వాడికి ఈ గోలేమీ లేదు, నా పుస్తకం చూసి నవ్వుతాడు. కొత్త కారు కొనేవాళ్లు దీని గురించి ఆలోచించనే అక్కర్లేదు.

నా కోపం ఇథనాల్ మీద కాదు, ధర మీద. శక్తి తక్కువ కాబట్టి రేటు కూడా తక్కువ ఉండాలని అదే నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. ఇప్పుడేమో ఇథనాల్ సేకరణ ఖర్చే లీటరుకు 71.32 రూపాయలు, పన్నులు కలపని పెట్రోలు ఖర్చు కంటే ఎక్కువ పడుతోంది అని 2025 ఆగస్టులో ప్రభుత్వం చెప్పింది. సరే, మరి ఎంచుకునే వీలైనా ఇవ్వాలి కదా? అందరూ ఉదాహరణ చూపే బ్రెజిల్‌లో ఇథనాల్‌కు వేరే పంపు ఉంటుంది. దాని ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపుంటేనే జనం అది పోయించుకుంటారు. మనకు బంకులో మామూలు పెట్రోలంటే ఈ20 ఒక్కటే.

నంద్యాల దగ్గర మొక్కజొన్న (ఇథనాల్ తీసేది దాన్నుంచి కూడా) వేసే మా మామ దగ్గర ఈ మాటెత్తితే, "నీ కారు తాగేది మా పంటే అల్లుడూ, ఆ మాత్రం తాగనీ" అన్నాడు. ఆయనకేం చెప్పను!

మొన్న ఆదివారం ఊరెళ్తూ, ఎప్పట్లాగే ఆంధ్ర సరిహద్దు దాటకముందే బాగేపల్లిలో ట్యాంకు నింపాను. అవతల లీటరుకు ఆరేడు రూపాయలు ఎక్కువ మరి. పుస్తకంలో రాసిన లెక్క: 17.3.