పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10: ఆరేళ్ల వాడకం తరువాత

2012లో కొన్న నా ల్యాప్‌టాప్‌లో మూడో తరం కోర్ ఐ3 ప్రాసెసర్, నాలుగు జీబీ రామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్ ఉండేవి. దానితోపాటు వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14తో సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఆగిపోతాయని తెలిసినా, బాగా నడుస్తున్న యంత్రాన్ని కదపడం ఎందుకని చాలాకాలం వెనకాడాను. చిక్కడపల్లిలో ఒక చిన్న ప్రచురణ సంస్థకు ప్రూఫులు దిద్దడం, పుస్తకాల చివర పదసూచికలు తయారుచేయడం నా పని. రోజుకు ఆరేడు గంటలు తెలుగులోనే టైపు చేస్తాను. బ్యాంకు పనులు కూడా ఈ ల్యాప్‌టాప్‌లోనే చూసుకుంటాను కాబట్టి, చివరికి ఆ నెలలోనే విండోస్ 10కు మారాను.

నాది 32 బిట్ విండోస్ కావడంతో, నాలుగు జీబీ రామ్‌లో మూడు జీబీకి అటూ ఇటూగానే వాడకంలోకి వచ్చేది. రామ్ మొత్తాన్నీ వాడుకోగల 64 బిట్ విండోస్‌కు 32 బిట్ నుంచి నేరుగా మారే దారి లేదు. డిస్క్ ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించుకోవలసిందే. ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకుని, మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకున్నాను. ఉచిత అప్‌గ్రేడ్ గడువు 2016 జూలై 29నే ముగిసినప్పటికీ, విండోస్ 7 కీ (లైసెన్సు సంకేతం) ఇస్తే అప్పటికింకా చెల్లుబాటయ్యేది. ఆ వెసులుబాటు 2023లో పోయింది. ఆ కీ ల్యాప్‌టాప్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. ఎనిమిదేళ్లు ఒళ్లో పెట్టుకుని వాడిన ఫలితంగా అందులో సగం అక్షరాలు అరిగిపోయాయి. అది ఎనిమిదంకో, ‘బి’ అక్షరమో తేలక, భూతద్దం పట్టుకుని, టార్చి పక్కవాటుగా వేసి 25 అక్షరాలనూ కాగితం మీదికి ఎక్కించేసరికి ఒక సాయంత్రం గడిచిపోయింది. ఇన్‌స్టలేషన్ మాత్రం గంటన్నరలో పూర్తయింది.

మొదటి నెల నిరుత్సాహపరిచింది. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి నాలుగు నిమిషాలు పట్టేది, ఏ భాగం మీద ఎంత భారం పడుతోందో చూపే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గడి నూరు శాతం దగ్గర ఎర్రగా నిలిచిపోయేది. రామ్ పెంచుకుందామని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే, ఒక దుకాణంలోని కుర్రవాడు టాస్క్ మేనేజర్ తెరిచి చూసి, “రామ్ వేస్తే ఏం ఫరక్ పడది సార్, హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించుండ్రి” అన్నాడు. నాకు ఇంకా అమ్మగలిగింది అమ్మకుండా, కావలసింది చెప్పిన ఆ మాటకు ఇప్పటికీ సంతోషిస్తాను. సమాచారాన్ని చిప్‌లలో దాచుకునే, హార్డ్‌డిస్క్ కన్నా వేగమైన 240 జీబీ ఎస్ఎస్‌డీ వేసి, డీవీడీ డ్రైవ్ ఊడదీసి, ఆ ఖాళీలో క్యాడీ (డిస్క్‌ను పట్టి ఉంచే చట్రం) అమర్చి పాత హార్డ్‌డిస్క్‌ను అందులో పెట్టాడు. ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము కూడా దులిపించాను. ఆ రోజు నుంచి అర నిమిషంలోపే డెస్క్‌టాప్ వస్తోంది. కాబట్టి పాత కంప్యూటర్‌కు కొత్త విండోస్ వేసుకుని, నెమ్మదిగా ఉందని దాన్ని తిట్టుకునేవారు ముందుగా డిస్క్ సంగతి చూసుకోవాలన్నది నా అభిప్రాయం.

వేగం సమస్య తీరాక అసలు చిక్కు ఎదురైంది. 184 పేజీల ఒక వ్యాస సంపుటి ఫైలును తెరిస్తే 163 పేజీలే చూపించింది. ఏదో అధ్యాయం పోయిందని కంగారుపడి మొదటి నుంచి చివరి దాకా పోల్చి చూశాను. ఒక్క అక్షరమూ పోలేదు. ఆ ఫైలు గౌతమి ఫాంటులో ఉంది. గోదావరి పాయ పేరు పెట్టుకున్న ఆ ఫాంటు విండోస్ 7లో తనంతట తానే ఉండేది, విండోస్ 10లో మాత్రం వాణి ఫాంటుతో కలిపి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అనే ఐచ్ఛిక భాగంలోకి మారింది. అది లేనందువల్ల వర్డ్ ఆ చోట నిర్మలా ఫాంటును వాడింది. గౌతమిలో వరుసకూ వరుసకూ మధ్య ఎడం ఎక్కువ, నిర్మలాలో తక్కువ. అందుకే పుస్తకం ఇరవై ఒక్క పేజీలు కుంచించుకుపోయింది. చదువుకునేవారికి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు గాని, నేను పదసూచికలో వేసిన పేజీ సంఖ్యలన్నీ తప్పిపోయాయి. సెట్టింగ్స్‌లో యాప్స్ కిందనున్న ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి ఆ భాగాన్ని చేర్చుకుంటే రెండు నిమిషాల్లో సరిపోయింది. ఆ సంగతి తెలుసుకోవడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

టైపింగ్ విషయంలో కష్టం కలగలేదు. నాకు అలవాటైన, భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎప్పటిలాగే ఉంది. 2019లో వచ్చిన 1903 వెర్షన్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా విండోస్‌లోనే ఉన్నందున, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే మా అమ్మాయికి వేరే సాఫ్ట్‌వేర్ వేయవలసిన అవసరం రాలేదు. పాత స్కానర్‌కు 64 బిట్ డ్రైవర్ దొరకక దాన్ని అటక ఎక్కించాను. ఒకసారి అప్‌డేట్ కోసం యంత్రం దానంతట అదే రీస్టార్ట్ అయి, సేవ్ చేయని రెండు పేజీల దిద్దుబాట్లు పోయాయి. ఏ వేళల్లో రీస్టార్ట్ కాకూడదో చెప్పే యాక్టివ్ అవర్స్ పెట్టుకోని తప్పు నాదే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు కూడా మద్దతు ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను, ఇంటెల్‌లోనైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్లను అడుగుతుంది. నిబంధనలను తప్పించి ఎక్కించే పద్ధతులు ఉన్నా, బ్యాంకు పనులు చేసే యంత్రంలో అలాంటి ప్రయోగానికి నాకు మనసొప్పలేదు. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాకు బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టకుండానే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్‌లు అందుతాయి కనుక ప్రస్తుతానికి ఆ ఏర్పాటుతో నెట్టుకొస్తున్నాను. ఆ తరువాతి సంగతి చూద్దామని మొన్న పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపి చూశాను. ఉబుంటు 24.04 అనే మరో లినక్స్ ఆధారంగా తయారైన దానికి 2029 వరకు అప్‌డేట్‌లు ఉంటాయి. వైఫై వెంటనే కలిసింది, ఇన్‌స్క్రిప్ట్ పనిచేసింది. ఆ వ్యాస సంపుటి ఫైలును అందులో తెరిచి చూస్తే పేజీలు 176 అని చూపించింది.