షింకాన్సెన్ చూపించని తొకాయ్‌దో: ఒక్కసారి యుయిలో దిగండి

నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా, అంటే పట్టాల బాగోగులు చూసే పనిలో, చేసి రిటైరయ్యారు. జనవరిలో జపాన్‌లోని షిజువోకాలో మా ఇంటికొచ్చినప్పుడు షింకాన్సెన్, అదే బుల్లెట్ రైలు, ఎక్కించాను. దిగాక, "వేగం బాగుందమ్మా, కానీ ఆ సొరంగాల్లో ఏం కనబడింది?" అన్నారు. యుయి అనే ఊరి దగ్గర ఆ బండి నిజంగానే కొండ కడుపులోంచి పోతుంది.

అందుకే మర్నాడు పొద్దున్నే తొకాయ్‌దో లైన్లో మామూలు పాసింజరు ఎక్కాం. ఇరవై నిమిషాల్లో యుయి. అక్కణ్ణుంచి పాత వీధి వెంట, తర్వాత కమలాతోటల మధ్య నిట్టనిలువు ఎక్కుడు. సత్తా అనే కనుమ చేరడానికి మాకు గంటకు పైనే పట్టింది. దారి మొదట్లో చేతికర్రలు పెట్టి ఉంటాయి, పెద్దవాళ్లుంటే తప్పకుండా తీసుకోండి.

పైనుంచి చూస్తే ఎదురుగా ఫుజి పర్వతం. నాన్న మాత్రం కిందికే చూస్తున్నారు. కొండ పాదాన్ని ఆనుకుని రైలు పట్టాలు, పక్కనే ఒకటో నంబరు జాతీయ రహదారి, సముద్రం అంచున తోమే ఎక్స్‌ప్రెస్‌వే. జానెడు నేలలో మూడూ ఇరుక్కుని పోతున్నాయి. ఆ జానెడు కూడా 1854 భూకంపానికి సముద్రపు అడుగు పైకి లేస్తే వచ్చిందే. అంతకుముందు అలలు వెనక్కి తగ్గినప్పుడు బండల మీద పరుగెత్తాలి, లేదా 1655లో కొరియా రాయబారుల కోసం వేసిన ఈ కొండదారి ఎక్కాలి.

తొకాయ్‌దో అంటే తూర్పు సముద్రపు దారి. అప్పటి రాజధాని చుట్టూ ఉన్న 5 ప్రాంతాలు పోను, మిగతా దేశాన్ని 7 'దో'లుగా విడదీసిన కాలం నాటి పేరు. సుమారు 1300 ఏళ్లయింది. 'దో' అంటే దారీ అదే, దాని వెంట ఉన్న సీమా అదే. దాదాపు ప్రతి 16 కిలోమీటర్లకు ఒక మజిలీ, ఈ దారిలోనైతే మజిలీకి 10 గుర్రాలు. అది చెప్పగానే నాన్న, "ఒక్కో గ్యాంగుకి ఇంత పట్టా అని మేం పంచుకునే బీట్ల లాగే పంచుకున్నారన్నమాట" అన్నారు. అంతవరకూ నాకు పుస్తకంలో చదివిన లెక్కే, ఆ మాటతో ప్రాణం వచ్చింది.

ఒక్కటే నిరాశ. సకురా రొయ్యల పకోడీ అన్నం తినిపిద్దామని రేవుకి వెళితే, నేననుకున్న హోటలుకు ఆ రోజు సెలవు. రొయ్యల వేట వసంతంలోనూ, శరత్తు చివర్లోనూ సాగుతుంది. తిండి కూడా ముఖ్యమనుకుంటే అప్పుడు వెళ్లండి. ఫుజి కావాలంటే మాత్రం చలికాలమే, అదీ పొద్దున్నే.

నా మార్కులు అయిదుకు అయిదు. కనుమ మీద బెంచీలో కూర్చుని నాన్న ఒక గూడ్సు బండిని చివరి వ్యాగను దాకా లెక్కపెట్టారు. ఇంకోటి వస్తుందేమోనని మరో అరగంట కదల్లేదు.