నెబ్యులైజరా, స్పేసరా? వార్డులో ఏది మేలు?

ఆయాసంతో రోగి వార్డులోకి రాగానే మన నర్సుల చెయ్యి నెబ్యులైజర్ (ద్రవ మందును సన్నని తుంపరగా మార్చి మాస్క్‌తో పీల్పించే యంత్రం) మీదికే పోతుంది. వెంట వచ్చినవాళ్లు అడిగేదీ అదే. మాస్క్‌లోంచి పొగ కనబడితే వైద్యం మొదలైందని వాళ్లకు ధైర్యం. మాట్లాడగలిగే స్థితిలో ఉన్న ఆస్తమా రోగికి మాత్రం స్పేసర్ (పఫ్‌లోని మందును కాసేపు పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టం) తగిలించిన ఇన్‌హేలరే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో ఉండేది శ్వాసనాళాలను వదులు చేసే మందు సాల్బుటమాల్, 100 మైక్రోగ్రాములు. నెబ్యులైజర్‌లో పోసేది 2.5 లేదా 5 మిల్లీగ్రాములు. ఈ అంకెలు చూస్తే రెండోదే బలమైనదనిపిస్తుంది. కానీ అందులో చాలాభాగం గాల్లో కలిసిపోతుంది, కొంత కప్పు అడుగునే మిగిలిపోతుంది. ప్రాణం మీదికి రాని అటాక్‌లో స్పేసర్‌తో 4 నుంచి 10 పఫ్‌లు సరిగ్గా ఇస్తే ఫలితం నెబ్యులైజర్‌కు తీసిపోదు. పిల్లల్లో గుండెదడ కూడా తక్కువగా ఉంటుంది.

అయితే ఆ 'సరిగ్గా' అన్న దగ్గరే మన పని ఉంది. ఇన్‌హేలర్‌ని బాగా ఊపాలి. ఒక్క పఫ్ నొక్కి, రోగి చేత మామూలుగా నాలుగైదు సార్లు ఊపిరి తీయించాలి. ప్రతి శ్వాసకూ స్పేసర్ వాల్వ్ కదులుతోందా అని చూస్తూ ఉండాలి. అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, రెండో పఫ్. తొందరలో రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కేస్తే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. కడిగిన స్పేసర్‌ని గుడ్డతో తుడిచినా అంతే. తుడిస్తే ప్లాస్టిక్ మీద స్థిర విద్యుత్తు పుట్టి మందును లాగేస్తుంది. సబ్బునీళ్లలో ముంచి తీసి, గాలికి ఆరనివ్వాలి.

ఇదంతా జరుగుతున్నంతసేపూ నర్సు మంచం పక్కనే ఉండాలి. నాకు స్పేసర్ నచ్చడానికి అసలు కారణం ఇదే. నెబ్యులైజర్ పెడితే పది నిమిషాలు పడుతుంది కదా అని ఇంకో మంచం దగ్గరికి వెళ్లిపోతాం. ఈలోగా మాస్క్ జారినా, పాప ఏడ్చినా చూసేవాళ్లుండరు. ఏడుస్తున్న బిడ్డ ముఖానికి దూరంగా మాస్క్ పట్టుకుంటే ఊపిరితిత్తుల్లోకి చేరే మందు బహు స్వల్పం.

నెబ్యులైజరే కావలసిన రోగులూ ఉన్నారు. ఒక వాక్యం కూడా పూర్తిగా చెప్పలేనివాళ్లు, అలసి సొమ్మసిల్లుతున్నవాళ్లు, మన మాట ప్రకారం ఊపిరి తీయలేనివాళ్లు. తీవ్రమైన ఆస్తమాలో ఆక్సిజన్‌తో, నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల ధారతో నడపాలి. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఏళ్ల తరబడి మూసుకుపోయే జబ్బు) రోగి దగ్గర మాత్రం జాగ్రత్త. ఆక్సిజన్ ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగత కమ్మవచ్చు. నెబ్యులైజర్‌ని మామూలు గాలితో నడిపి, కావలసిన ఆక్సిజన్‌ను ముక్కు గొట్టాలతో విడిగా ఇచ్చి, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 88 నుంచి 92 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. కప్పులో ఇప్రాట్రోపియమ్ (శ్వాసనాళాలను వదులు చేసే ఇంకో మందు) ఉంటే మాస్క్ అంచుల్లోంచి కళ్లలోకి పోకుండా చూడాలి. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకు మాస్క్ బదులు నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ మేలు.

పొడి ఇన్‌హేలర్‌ని జోరుగా, లోతుగా పీల్చాలి కాబట్టి తీవ్రమైన అటాక్‌లో దాని జోలికి పోను.

ఏది ఇచ్చినా ముందు నాడి, శ్వాస వేగం, సాచురేషన్ రాసిపెట్టుకోవాలి. ఇచ్చిన పావుగంటకు మళ్లీ చూడాలి. చేతులు వణకడం, గుండె కాస్త వేగంగా కొట్టుకోవడం సాల్బుటమాల్‌తో మామూలే. కొద్దిసేపట్లో తగ్గుతాయని ముందే చెబితే రోగి టెన్షన్ పడడు. మందు పదేపదే పడుతుంటే రక్తంలో పొటాషియం తగ్గుతుంది, దాని మీదా ఓ కన్నుండాలి.

స్టెత్ పెట్టినప్పుడు పిల్లికూతలు వినబడకపోతే వెంటనే సంతోషపడకండి. గాలి లోపలికే వెళ్లనప్పుడు కూడా పిల్లికూత రాదు. రోగి మగతగా ఉండి, ఛాతీ నిశ్శబ్దంగా ఉంటే ఇంకో డోసు కలుపుతూ కూర్చోకుండా ఆ క్షణమే డాక్టర్‌ను పిలవాలి.