కుక్ దీవులు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

ఆక్లాండ్‌లో శనివారం ఉదయం విమానమెక్కితే సుమారు నాలుగు గంటల్లో పసిఫిక్ సముద్రంలోని కుక్ దీవుల్లో పెద్దదైన రారోటోంగాలో దిగుతాం. అక్కడ మాత్రం ఇంకా శుక్రవారమే! మధ్యలో తేదీరేఖ దాటడమే కారణం. కాబట్టి బస బుక్ చేసుకునేటప్పుడు అక్కడి తేదీలే చూసుకోండి, లేకపోతే మొదటి రాత్రికి గది ఉండదు. చెల్లేది న్యూజిలాండ్ డాలరే కనుక మా వంటి ఆక్లాండ్ వాసులకు నగదు మార్పిడి బాధ లేదు. అయితే స్థానిక నాణేలు బయట చెల్లవు, తిరిగి వెళ్ళేలోపే ఖర్చు పెట్టేయాలి.

రారోటోంగా చుట్టూ రోడ్డు 32 కిలోమీటర్లు. దాని మీద ఒక బస్సు ప్రదక్షిణంగా, మరొకటి అప్రదక్షిణంగా తిరుగుతాయి. చెయ్యెత్తితే ఆపుతారు. ఊరంతా చూడడానికి ఇదే చాలు. సాయంత్రాలకు, ఆదివారానికి మాత్రం కారు ఉంటే మేలు.

బస విషయంలో చాలామంది తూర్పున ఉన్న మురి తీరానికి ఎగబడతారు. పగడపు గట్టుకు, తీరానికి మధ్య ఉన్న మడుగు లోతు తక్కువ, ఎదురుగా చిన్న చిన్న దీవులు, దగ్గరలో రాత్రి సంత. పిల్లలున్నవారికి బాగుంటుంది. నాకు మాత్రం అక్కడ రద్దీ ఎక్కువనిపించింది. మేము దక్షిణాన టిటికవేకా వైపు వంటగది ఉన్న ఇల్లు తీసుకున్నాం. నీళ్ళు తేటగా ఉంటాయి, ముఖం ముంచితే చాలు, చేపలు కనిపిస్తాయి. ఫొటోల్లో చెప్పని సంగతి ఒకటుంది: ఏసీ ఒక్క పడకగదిలోనే ఉంది. జనవరి ఉక్కలో అది చిన్న విషయం కాదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు చల్లగా, పొడిగా ఉంటుంది కాబట్టి అప్పుడు వెళ్ళేవారికి ఈ బాధ ఉండదు. ఎక్కడ దిగినా పగడపు గట్టు తెగిన చోట్ల ఈతకు దిగవద్దు. నీటి లాగుడు బలంగా ఉంటుంది.

వంటగది ఎందుకంటే, సరుకుల్లో చాలా భాగం ఓడల మీద రావాలి, ధరలూ అలాగే ఉంటాయి. శనివారం ఉదయం అవారువాలోని పునంగా నుయి సంతలో చేమదుంపలు, సీమపనస, బొప్పాయి, కొబ్బరికాయలు దొరుకుతాయి. మనవాళ్ళకు ఇంకేం కావాలి! చేమాకును కొబ్బరిపాలలో మెత్తగా ఉడికించిన రుకావ్‌ను అన్నంలో కలుపుకుంటే మన ఆకుకూర పప్పు గుర్తొస్తుంది, కాస్త కారం ఒక్కటే తక్కువ. శాకాహారులు మాంసం కలిపారేమో అడిగి తీసుకోవాలి. నిమ్మరసం, కొబ్బరిపాలలో నానిన పచ్చిచేప ముక్కలు, ఇకా మాతా, తినేవారికి మాత్రం ఇక్కడి అసలు రుచి అదే.

మిగిల్చిన డబ్బు ఐటుటాకీ అనే మరో దీవిలో పెట్టండి. విమానంలో ముప్పావు గంట పైచిలుకు ప్రయాణం, టికెట్టు బరువే. ఉదయం వెళ్ళి సాయంత్రం వచ్చే యాత్రలున్నాయి కానీ, నేను వాటిని సిఫార్సు చేయను. మధ్యాహ్నపు పడవలన్నీ ఒకేసారి టపుఅయెటాయ్ (ఒంటి పాదం) దీవికి చేరతాయి. పాస్‌పోర్టు మీద పాదం ఆకారపు ముద్ర కొట్టించుకోవడానికి వరుస కడతారు. రాత్రి ఉండేవారికి ఆ తొందర లేదు. మా పడవవాడు నెమ్మదిగా అకైయామి దగ్గర ఆపి, 1950లలో నీటి మీద దిగే విమానాలు ఇంధనం కోసం ఆగింది అక్కడేనని చూపించాడు. తర్వాత నీళ్ళలోకి దిగితే అడుగున మూర వెడల్పు ఆల్చిప్పలు. నీడ పడగానే వాటి నీలం, ఊదా అంచులు ముడుచుకుంటున్నాయి. మా అబ్బాయి పైకి రానన్నాడు.

ఐటుటాకీలో బస్సు లేదు, స్కూటరు అద్దెకు తీసుకోవాలి. కుక్కలు కూడా లేవు! రారోటోంగాలో ప్రతి గేటు దగ్గరా వెంటబడే కుక్కలతో విసిగినవారికి ఇది చిన్న లాభం కాదు. ఐటుటాకీలో మామూలు అతిథిగృహం సరిపోతుంది, నీటి మీది కుటీరాలకు పెట్టే డబ్బుతో మడుగులో మరో రోజు పడవ మాట్లాడుకోవచ్చు.

రారోటోంగా మధ్యలోంచి టె రువా మంగా శిల పక్కగా దీవిని అడ్డంగా దాటే కాలిబాట మోకాళ్ళు గట్టివారికే. వేర్లే మెట్లు, తాళ్ళే ఊతం. వాన పడిన మర్నాడు మానేయండి. ఆదివారం ఎలాగూ దుకాణాలు చాలావరకు మూసేస్తారు, భుజాలు కప్పే బట్టలు వేసుకుని చర్చికి వెళ్ళండి. వాద్యాలేవీ లేకుండా నాలుగు వైపుల నుంచీ లేచే ఆ పాటకు టికెట్టు లేదు.