క్రీ.శ. 67, గలిలయ: లొంగడమా, ఎదిరించడమా?

రోమన్ చక్రవర్తి నీరో ఆజ్ఞతో సేనాపతి వెస్పాసియన్ మూడు లీజియన్లతో (రోమన్ సైన్యంలోని పెద్ద దళాలు) యూదుల తిరుగుబాటును అణచడానికి వచ్చాడు. సెఫోరిస్ నగరం అతనికి స్వాగతం పలికింది. జోతపాత అనే కొండ ఊరు తలుపులు బిగించుకుంది.

ఖర్చు: సెఫోరిస్ పోగొట్టుకున్నది పరువు. సొంతవాళ్లే ద్రోహులన్నారు. జోతపాత ఊరు ఊరంతా పోయింది. 40,000 మంది చచ్చారని అక్కడి సేనాని జోసిఫస్ రాశాడు. నాకైతే ఆ లెక్క మీద నమ్మకం లేదు, అంత చిన్న గుట్ట మీద అంతమంది పట్టరు.

శ్రమ: సెఫోరిస్‌కు రోమన్ దండును అడిగి తెచ్చుకోవడమే పని. జోతపాతలో 47 రోజుల ముట్టడి. ఊటబావి లేదు, తొట్లలోని వాననీళ్లే దిక్కు. అయినా నీళ్లకు కొదవ లేదని నమ్మించడానికి తడిబట్టలు గోడల మీద ఆరేశారు. రోమన్లు ఎక్కే పలకల మీద ఉడికించిన మెంతులు పోస్తే సైనికులు జారిపడ్డారు!

ప్రమాదం: లొంగితే పొరుగువాళ్ల దాడి. ఎదిరిస్తే ఇంటిదొంగ: తెల్లవారుజామున కాపలావాళ్లు నిద్రపోతారని ఒకడు శత్రువుకు చెప్పేశాడు.

ఎవరికేది? క్రీ.పూ. 4లో ఒకసారి తగలబడ్డ సెఫోరిస్ లాంటి ఊరికి, సైన్యం చేరకముందే లొంగడం మేలు. ముట్టడి మొదలయ్యాక ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఎదిరించడం కలిసొచ్చేది కోటలో కాదు, కనుమలో: క్రీ.శ. 66లో బేత్ హోరోన్ కనుమ దగ్గర వెనుదిరిగిన రోమన్ సేనను యూదులు చిత్తు చేసింది అలాగే.