లండన్ – పారిస్: టికెట్ మీద గంటా ఇరవై, గుమ్మం నుంచి గుమ్మానికి ఎంత?

లండన్, పారిస్ మధ్య గాలి దూరం దాదాపు 344 కిలోమీటర్లు. విమానం గాల్లో ఉండేది ముప్పావు గంట నుంచి యాభై నిమిషాలు. టికెట్ మీద మాత్రం గంటా ఇరవై దాకా వేస్తారు. రన్‌వే దాకా వెళ్లడం, వరుసలో ఆగడం, దిగాక గేటుకి చేరడం అన్నీ అందులోవే.

చాలామంది లెక్క తప్పేది గడియారం దగ్గర. పారిస్ టైము లండన్ కంటే గంట ముందుంటుంది. లండన్ హీత్రో విమానాశ్రయంలో 10:30కి బయల్దేరి 12:50కి చేరుతుందని రాసి ఉంటే ప్రయాణం గంటా ఇరవయ్యే. వచ్చేటప్పుడు 10:30కి ఎక్కితే 10:50కే దిగినట్టు కనిపిస్తుంది.

ఇక అసలు లెక్క. సిటీ మధ్య నుంచి హీత్రోకి ముప్పావు గంట పైనే. రెండు గంటలు ముందు చేరాలి. తమలో తమకు సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో బ్రిటన్ లేదు కాబట్టి పారిస్ విమానాశ్రయం షార్ల్ డి గాల్‌లో పాస్‌పోర్ట్ క్యూ తప్పదు. అక్కడి నుంచి ఆర్ఈఆర్ బి అనే లోకల్ రైల్లో పారిస్ సిటీలోని గార్ దు నోర్ స్టేషన్‌కి అరగంట. అన్నీ కలిపితే ఐదు గంటలు దాటుతుంది.

అదే సముద్రం కింది సొరంగంలోంచి వెళ్లే యూరోస్టార్ రైలైతే లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్ నుంచి రెండుంపావు గంటల్లో గార్ దు నోర్‌లో దింపుతుంది. ఫ్రెంచ్ పోలీసులు లండన్ స్టేషన్‌లోనే పాస్‌పోర్ట్ చూసేస్తారు, పారిస్‌లో దిగి నేరుగా బయటికి నడవడమే. అందుకే గంటంపావు, గంటన్నర ముందు చేరండి. రైలు కదలడానికి అరగంట ముందే గేట్లు మూసేస్తారు. 2025 అక్టోబరు నుంచి దశలవారీగా వచ్చిన కొత్త ఈఈఎస్ (షెంగెన్‌లోకి రాకపోకల నమోదు) పద్ధతిలో మొదటిసారి వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి, దానికి కొంత టైము పోతుంది. బ్రిటన్ వీసా ఫ్రాన్స్‌కి పనికిరాదు. భారత పాస్‌పోర్ట్ మీద షెంగెన్ వీసా లేకపోతే లండన్‌లోనే ఆపేస్తారు.

సామాను విషయంలో రైలే మేలు. 85 సెంటీమీటర్ల లోపు పెట్టెలు రెండు, చేతిసంచి ఒకటి, తూకం వెయ్యరు. కానీ పెట్టెను బోగీలోకి ఎక్కించుకోవాల్సింది మనమే, ఎత్తగలిగినంతే సర్దుకోండి. 100 మిల్లీలీటర్ల నియమం రైల్లో లేదు కాబట్టి ఆవకాయ సీసా చేతిసంచిలోనే వస్తుంది, మూత మీద ప్లాస్టిక్ కవరు బిగించి కట్టండి. పాలకోవా మాత్రం వద్దు: బ్రిటన్ నుంచి ఈయూ (యూరోపియన్ యూనియన్) దేశాల్లోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు.

తెల్లవారుజాము రైలైతే ముందురాత్రి బస సెయింట్ పాంక్రాస్ దగ్గర్లోని కింగ్స్ క్రాస్, యూస్టన్ వైపు చూసుకోండి. యూస్టన్ పక్కనే డ్రమండ్ స్ట్రీట్‌లో మన శాకాహార భోజనం దొరుకుతుంది. గార్ దు నోర్ చుట్టుపక్కల హోటళ్లు పారిస్ మధ్యలో కంటే చవక, దగ్గర్లోని లా షాపెల్ పేటలో తమిళుల ఇడ్లీ, దోసె ఉన్నాయి. కానీ ఆ స్టేషన్ దగ్గర జేబుదొంగల బెడద ఎక్కువ. పిల్లలతో రాత్రిపూట దిగేవాళ్లు వేరే పేట చూసుకోవడం మంచిది.

విమానం లాభించేది ఇద్దరికే: హౌన్స్‌లో, స్లౌ అనే చోట్ల వైపు హీత్రో పక్కనే ఉండేవాళ్లకి, షార్ల్ డి గాల్‌లో మరో విమానం ఎక్కేవాళ్లకి.