గృహహింస కేసు: సఖి కేంద్రమా, రక్షణ అధికారా, న్యాయసేవాధికార సంస్థా?

ఈ మూడు చోట్లా పైసా తీసుకోరు. కానీ మూడూ చేసే పని ఒకటే అనుకుని ఒకదాని దగ్గరే కూర్చుంటే నెలలు గడిచిపోతాయి.

ఈ రాత్రికి తల దాచుకోవాలంటే, హింసకు గురైన మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రమే. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు, ప్రాణాపాయముంటే 112. సఖిలో 5 రోజుల దాకా ఉండనిస్తారు, వైద్యం చేయిస్తారు, పోలీసులతో మాట్లాడతారు. అయితే ప్రతి వాయిదాకీ వచ్చి వాదించే లాయరు కోసం అక్కడ ఎదురుచూడొద్దు.

గృహహింస చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణ అధికారి, జరిగిన హింస గురించి రాసే గృహహింస నివేదిక కేసుకి వెన్నెముక లాంటిది. తేడా రాతలోనే ఉంటుంది. ‘తరచూ కొడుతున్నాడు’ అని రాయిస్తే అవతలి లాయరు ఒక్క ప్రశ్నతో కొట్టిపారేస్తాడు. ‘మార్చి 12 రాత్రి 9 గంటలకు బెల్టుతో కొట్టాడు, ఎడమ చేయి వాచింది, ఆసుపత్రి ఓపీ చీటీ ఉంది’ అంటే నిలబడుతుంది. సంతకం పెట్టేముందు చదివించుకోండి. ఈ నివేదిక లేకుండా కూడా పిటిషన్ వేయవచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, దాని కోసం ఆగిపోవద్దు.

కేసు నడపడానికి మా ఓటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకే. ఉచితంగా లాయరును ఇచ్చేది ఇదే. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేదు. ఆదాయ ధ్రువపత్రం అడిగితే ఆ మాటే చెప్పండి. హెల్ప్‌లైన్ 15100. చిక్కల్లా దరఖాస్తులో. ‘భర్తతో గొడవలు, న్యాయం చేయగలరు’ అని రాస్తే రాజీ కోసం ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు, వారాలు గడుస్తాయి. ‘గృహహింస చట్టం సెక్షన్ 12 కింద పిటిషన్ వేయడానికి లాయరును నియమించండి’ అని రాయండి. రాజీకి ఒప్పుకుంటే రాజీతో కేసు ముగించే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదన్నది గుర్తుంచుకుని సంతకం చేయండి. ఇచ్చిన లాయరు వాయిదాలకు రాకపోయినా, డబ్బు అడిగినా సంస్థ కార్యదర్శికి రాసిచ్చి మార్చుకోవచ్చు. మొహమాటపడితే నష్టం మీకే.

పిటిషన్ పుట్టింటి ఊరి కోర్టులోనే కాదు, ప్రస్తుతం తాత్కాలికంగా ఉంటున్న చోటా వేయవచ్చు. మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లో పడాలని, 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. కాగితం మీది మాట అది! అందుకే కేసు తేలేలోగా తాత్కాలిక ఉత్తర్వు కోరే సెక్షన్ 23 మధ్యంతర పిటిషన్‌ను అఫిడవిట్‌తో సహా అదే రోజు వేయించండి. భరణం అడుగుతుంటే ఆస్తి, ఆదాయ వివరాల అఫిడవిట్ కూడా జతచేయాలి. భర్త ఇంటి చిరునామాతో పాటు ఆఫీసుదీ ఇవ్వండి. ఇల్లు మారాడంటూ నోటీసు తిరిగొస్తే కేసు కదలదు.

ఉత్తర్వు కాపీ ఉచితం, పోలీస్ స్టేషన్‌కీ ఒకటి వెళుతుంది. మళ్లీ హింసించొద్దని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వును భర్త మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ ఫిర్యాదు మళ్లీ రక్షణ అధికారికే ఇవ్వవచ్చు.